గూటిలో డబ్బా

రౌండప్, మోంటానా
జులై 3, 1997

తమ్ముడు వెండెల్‌కి,

ఈ రోజు గురువారం. నిన్న బిల్లింగ్స్ ఆస్పత్రిలో సిగ్నె కంటి కట్టు విప్పారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కుడి కంటికి వెలుతురు తెలుస్తోంది, అంతే. ఎదురుగా చెయ్యి ఊపితే నీడ కదిలినట్టు ఉంటుందట. ఇంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. పిల్లకి ఇరవై మూడేళ్ళు. చెంప మీది కుట్లు బాగానే మానుతున్నాయి.

ఫోన్ చేసి చెప్పేదాన్నే. అరవై ఏళ్ళ తుపాకి మోతకి నా చెవులు ఏ గతి పట్టాయో నీకు తెలుసు. నేను అరవడం, నువ్వు అరవడం తప్ప సంగతి ఏమీ తేలదు. మనకి ఉత్తరాలే మేలు.

జూన్ 21న తుపాకి సంఘం మైదానంలో జరిగింది నువ్వూ చూశావు. నువ్వు మాకు రెండు బల్లల అవతల కూర్చుని ఉన్నావు. అయినా నా తృప్తి కోసం వరుసగా రాస్తాను. తాతగారి సింగిల్‌షాట్ తుపాకి, ఒక్కసారికి ఒక్క తూటా పట్టేది, 1886లో చేసింది. మే 30న నేను స్వయంగా నింపిన ఇరవై తూటాలు. ప్రతి తూటాలోకీ తుపాకిమందు తక్కెడలో తూచి పోశాను. సిగ్నె మొదటిది పేల్చి వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, ఇది గాడిదలా తన్నింది!"

"భుజం సరిగ్గా ఆనించు. కబుర్లు మాను" అన్నాను.

రెండోదానికి తుపాకి వెనక భాగం పగిలిపోయింది.

ఆస్పత్రిలో సిగ్నె నన్ను ఒక్క మాటే అడిగింది. "అమ్మమ్మా, ఒకే తూటాలో రెండుసార్లు పోసేశావా?" ఎవరో చెప్పిన మాటలా అడిగింది. నేను తెలియదన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, నా బల్ల మీద జరిగిన పనికి తెలియదన్నాను. ఆ తరువాత పిల్ల నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మ జోలీన్ వచ్చి నా తక్కెడ తీసి కారు డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పసిపిల్ల చేతిలోంచి కత్తి లాక్కున్నట్టు లాక్కుంది నా కూతురు. సంఘం వాళ్ళు ఉత్తరం పంపారు. మైదానం భద్రత చూసే పని సెప్టెంబరు పోటీలలోపు ఇంకొకరికి అప్పగించాలట. మర్యాదగానే రాశారు.

నేను అడిగేది ఇది. ఆ పాత తూటాలకి నేను వాడే మందు సరైనదేనా? కొత్త లెక్కల పుస్తకాలు నీ దగ్గర ఉన్నాయి. చూసి చెప్పు. ఎంపికలో తప్పుంటే తప్పని రాయి. నా చెయ్యి తప్పిందని తేలితే ఆ మాట సిగ్నెతో నేనే చెబుతాను. తెలియదు అన్న మాటతో మాత్రం నేను బతకలేను, ఆ పిల్లా బతకలేదు.

ఈ పనిలో నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నాన్న నేర్పింది మనిద్దరికే.

అక్క
ఆర్డిస్


బఫెలో, వయోమింగ్
జులై 14, 1997

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజునే మా ఆవిడ లువెర్న్ పెరటి రూబార్బ్ కాడలతో తీపి పై రొట్టె చేసింది. చేతిలో ముక్క పట్టుకుని చదివాను, ముక్క అలాగే ఉండిపోయింది. కుక్క తినేసింది. దానికి నా బాధతో పని లేదు.

మందు సంగతి. నీకు కోపం వచ్చినా సరే, నేను చాలా కాలంగా అనుకుంటున్నాను, ఆ మందు రోజులు చెల్లిపోయాయి. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా ఒకే డబ్బా పేరు పట్టుకుని వేలాడుతున్నావు. ఇప్పుడు పాత తూటాల కోసమే తేలికపాటి మందు ఒకటి వచ్చింది. దూదిలా ఉంటుంది, తూటా తొడుగు నిండుతుంది, మెల్లగా మండుతుంది. మా సంఘంలో ముసలాళ్ళందరూ దానికే మారారు. నీ దగ్గరున్న పాత డబ్బా తీసుకెళ్ళి రూబార్బ్ పాదులో చల్లెయ్. తుపాకిమందు మంచి ఎరువని నాన్న అనేవాడు కదా. ఈ రోజే చల్లెయ్. అటకమీద దాచకు. నీకు దాచడం అలవాటు.

రెండుసార్లు పోయడం ఎవరికైనా జరుగుతుంది అక్కా. నీకు డెబ్భై ఆరు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. మధ్యలో ఎవరో తలుపు కొట్టి ఉంటారు, ఎన్నో తూటాలో ఉన్నావో మరిచిపోయి ఉంటావు. ఫోన్ మోగి ఉంటుందని అనను, మోగినా నీకు వినపడదు! నవ్వు కాస్త. సిగ్నెతో కూడా ఇదే చెప్పాను, మీ అమ్మమ్మ మీద కోపం పెట్టుకోకే, వయసు చేసిన పని అని.

ఇంకొకటి. ఆగస్టులో ఆ పిల్ల మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంటానంది. నేను పిలవలేదు, తనే అడిగింది. లువెర్న్ అప్పుడే పైగదికి రంగు వేయిస్తోంది. మాకు పిల్లలు లేరు కదా, ఆ సందడి చూడాలి నువ్వు.

పాత సంగతులు తవ్వకు. ఎండలో కాస్త నడువు.

నీ
వెండెల్


రౌండప్
జులై 29, 1997

తమ్ముడు వెండెల్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సిగ్నె మీ ఇంటికి రావడం నాకు మంచిదే అనిపించింది. మొదటిసారి చదివినప్పుడు అనిపించలేదు.

ఇక మందు. నువ్వు చెప్పిన కొత్త మందు గురించి బిల్లింగ్స్ దుకాణంలో అడిగి చదివాను. మంచిదే. అయితే అది మంచిదైనంత మాత్రాన నాది చెడ్డది కాదు. పాఠంలా రాస్తున్నానని విసుక్కోకు.

ఆ ఇత్తడి తొడుగు నల్లటి పాత తుపాకిమందు కోసం చేసింది, అందుకే అంత పెద్దది. పొగరాని మందుకి అంత చోటు అక్కర్లేదు. త్వరగా మండే పిస్తోలు మందైతే అడుగున చెంచాడు ఉంటుంది, పైనంతా ఖాళీ. పరాకున రెండోసారి పోసినా కంటికి తెలియదు, మూడోసారికీ చోటుంటుంది. ముసలి తుపాకులు పగిలేది ఆ ఖాళీ వల్లే. కాబట్టి పాత తూటాకి మందు ఎంచుకునేవాళ్ళు రెండు సంగతులు చూడాలి. మెల్లగా మండాలి. తలుపుని అరచేత్తో తోసినట్టు ఉండాలి, సుత్తితో కొట్టినట్టు ఉండకూడదు. రెండోది, ఒక మోతాదుతోనే తొడుగు ముప్పాతిక నిండాలి. మరోసారి పోస్తే పొర్లిపోవాలి.

1966లో మనిద్దరం నాన్న బల్ల ముందు కూర్చుని ఈ మందు ఎంచుకున్నది ఆ రెండో కారణానికే. నువ్వే కావాలని రెండు మోతాదులు పోశావు. అది తొడుగు నిండి బల్ల మీద కుప్ప పడింది. నాన్న నవ్వి, "చూశార్రా, ఇది మతిమరుపు వాళ్ళ కోసం చేసిన మందు!" అన్నాడు. ఆ తరువాత ఆయన నిన్ను ఆ బల్ల అంతా బ్రష్షుతో తుడిపించాడు.

మొన్న శనివారం అదే రకం మందు కొత్త డబ్బా కొని మళ్ళీ చేసి చూశాను. తక్కెడ కోసం జోలీన్ ఇంటికి వెళ్ళాను.

"అమ్మా, మళ్ళీ ఎందుకు? ఒక కన్ను చాలలేదా?" అంది గుమ్మంలో నిలబడి.

"తక్కెడ నాది. ఇవ్వు."

"ఇవ్వకపోతే?"

"ఇక్కడే కూర్చుంటాను. భోజనానికి నాకూ ఒక పళ్ళెం పెట్టు."

గంటన్నర కూర్చున్నాను. ఇచ్చింది.

ట్రే మీద తొడుగు పెట్టి రెండు మోతాదులు పోశాను. రెండోదాంట్లో సగం పైనే ట్రేలో పడింది. సీసపు గుండు మూతికి కూడా ఆనలేదు. పదిసార్లు చేశాను, పదిసార్లూ అంతే. నేను ఆ తూటాలో రెండుసార్లు పోయలేదు, పోయడం కుదరదు.

ఇది నీకు తెలిసిన విషయం. మరి సిగ్నెతో అలా ఎందుకు చెప్పావు? మరిచిపోయి ఉంటావు, ముప్ఫై ఒక్కేళ్ళయింది. అలాగే అనుకుంటున్నాను. ఆగస్టు 4న పిల్ల మీ దగ్గరికి వస్తుంది. కూర్చోబెట్టి ఈ సంగతి నువ్వే చెప్పు. నేను చెబితే తప్పు కప్పుకుంటున్నాననుకుంటుంది. నీ మాట వింటుంది.

పాత డబ్బా పారెయ్యలేదు. కారణం తేలేదాకా పారెయ్యను.

అక్క
ఆర్డిస్


బఫెలో
ఆగస్టు 11, 1997

అక్కా,

ముప్ఫై ఏళ్ళ కిందట నాన్న ఏమన్నాడో, నేను ఎక్కడ తుడిచానో నాకు గుర్తు లేదు. నీకు గుర్తున్నవన్నీ అందరికీ గుర్తుండాలంటే ఎలా? బడి మానేసి పదిహేనేళ్ళయినా అందరికీ మార్కులు వేస్తూనే ఉన్నావు.

సిగ్నె ఇక్కడ బాగుంది. పొద్దున్నే నాతో పాటు వాగు దగ్గరికి వస్తోంది. ఒక కంటితో గాలం వేయడం నేర్చుకుంటోంది. మొదటి రోజు నా టోపీకే తగిలించింది, "తాతయ్యా, ఇవాళ నువ్వే పెద్ద చేపవి!" అని పడీ పడీ నవ్వింది. నీ పేరు వస్తే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతుంది. ఇప్పుడిప్పుడే నవ్వుతోంది, ఈ తొడుగులూ మోతాదులూ చెప్పి దాన్ని మళ్ళీ ఏడిపించలేను. నన్ను అడగకు.

ఆ తూటాల సంగతి నాకేం తెలుస్తుంది? మే నెలలో వచ్చినప్పుడు నేను నీ బల్ల ఉన్న నేలమాళిగలోకి దిగను కూడా లేదు. నువ్వు ఏం పోశావో నీకే తెలియాలి.

కొత్త మందు ఒక డబ్బా పంపుతున్నాను, మా పక్కింటి డ్వేన్ బిల్లింగ్స్ వెళ్తూ నీ గుమ్మంలో దింపుతాడు. లువెర్న్ దానికి రిబ్బను కట్టింది. ఇక నుంచి ఇదే వాడు, లేకపోతే మొత్తం మానెయ్. రెండూ మంచివే. పాత డబ్బా మాత్రం రూబార్బ్‌లో పోసెయ్. పోశానని నాలుగు మాటలు రాస్తే నాకు నిద్ర పడుతుంది.

వెండెల్


రౌండప్
ఆగస్టు 24, 1997

వెండెల్‌కి,

ఆదివారం. చర్చి నుంచి వచ్చాక రాస్తున్నాను. రిబ్బను కట్టిన డబ్బా అందింది.

మే నెల గురించి నేను నిన్ను అడగలేదు. నా రెండు ఉత్తరాల నకళ్ళూ నా దగ్గర ఉన్నాయి, తీసి చూశాను. మే నెలలో నువ్వు వచ్చిన సంగతి వాటిలో ఎక్కడా లేదు. అడగని దానికి జవాబు వచ్చింది కాబట్టి నేలమాళిగలోకి వెళ్ళి బల్ల పని రాసుకునే పుస్తకం తెరిచాను.

మే 14, బుధవారం. "పిస్తోలు తూటాలు 50. సొంత మందు." కింద నీ సంతకం. బల్ల వాడినవాళ్ళు సంతకం చేయాలన్నది నాన్న పెట్టిన పద్ధతి. నీ చేతిరాత నాకు తెలుసు, ఇంటిపేరు హేగెన్‌లో మొదటి అక్షరం ఎప్పుడూ కుంటుతుంది. నేను పైన నీ కోసం గుడ్లు వేయిస్తున్నాను. నువ్వు కింద నుంచి, "అక్కా, అయిపోయింది, వస్తున్నా!" అని అరిచావు. ఆ అరుపు నాకు కూడా వినపడింది.

ఇప్పుడు లెక్క. పని అయ్యాక డబ్బాని మూతతో సహా తూచి రాయడం నా అలవాటు. మే 9న పని అయ్యాక 12.4 ఔన్సులు. మే 30న ఇరవై తూటాలు నింపాను, వాటికి పట్టింది 1.1. మిగలవలసింది 11.3. ఆ రోజు పని అయ్యాక నేను రాసుకున్న అంకె 13.1.

వాడిన డబ్బా బరువు పెరిగింది, వెండెల్. దాదాపు రెండు ఔన్సుల మందు దానంతట అది పుట్టింది.

ఆ అంకె రాసింది నేనే. పైనున్న దాంట్లోంచి తీసివేసి చూడలేదు. మూడో తరగతి పిల్లలు చేసే తీసివేత. నా తప్పులలో ఇది మొదటిది, దీన్ని దాచుకోను.

తరువాత తెల్ల కాగితం పరిచి, ఆ పాత డబ్బాలోంచి చెంచాడు తీసి పోశాను. కిటికీ దగ్గర భూతద్దంతో చూశాను. నా మందు నీకు తెలుసు, పెన్సిలు ములుకు ముక్కల్లా పొట్టి పుల్లలు. వాటి మధ్య గుండ్రటి పలచని రేకులు కనిపించాయి. సూదితో విడదీశాను. పైపైన తీసిన ఆ చెంచాడులో సగానికి పైగా రేకులే. అవి పిస్తోలు మందు. మే 30న నేను పళ్ళెంలో బరువు చూశాను, రూపు చూడలేదు. దీపం కింద రెండూ బూడిద రంగే. ఇది రెండో తప్పు. నా కళ్ళ గురించి మీరందరూ అన్నదాంట్లో ఇంతవరకు నిజం ఉంది. బరువు సరిగ్గానే ఉంది, పోసిన మందే వేరు. తలుపుని చేత్తో తోయవలసిన చోట సుత్తి పడింది.

వాడేముందు డబ్బాని రెండుసార్లు బోర్లించి కలుపుతాను కదా, ఆ పుణ్యాన రేకులు ఇరవై తూటాలలోకీ వెళ్ళాయి. మిగిలిన పద్దెనిమిది తూటాలూ నువ్వే పారేస్తానని ప్రమాదం జరిగిన రోజే పట్టుకెళ్ళావు. నేను నీకు థాంక్స్ చెప్పాను.

నిన్ను రెండు అడుగుతాను. రేకులు నా డబ్బాలోకి ఎలా వచ్చాయి?

రెండోది. ఆ రోజు సిగ్నె పేల్చిన మొదటి మోత నాకు దూరంగా ఎక్కడో తలుపు వేసినట్టు వినపడింది. నాకు అన్ని మోతలూ అంతే. నీ చెవులు బాగున్నాయి. అది ఎలా వినపడింది?

ఆర్డిస్


బఫెలో
సెప్టెంబరు 9, 1997

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెట్టాను. లువెర్న్ కుట్టు సంఘానికి వెళ్ళింది, సిగ్నె వాగు దగ్గర ఉంది. వాళ్ళు వచ్చేలోపు ముగించాలి.

బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి, అది బల్లకి ఉన్న గూటిలోనే ఉండాలి, తూటాలకి మందు దించే మర మీది గరాటులో మిగిలిన మందు లేచే ముందు గూటిలోని డబ్బాలో పోసెయ్యాలి. నాన్న మనిద్దరి చేతా ఎన్ని వందల సార్లు చెప్పించాడో. ఆ రోజు నా డబ్బా గూటిలో పెట్టి పని చేశాను. యాభై అయ్యాయి. నా డబ్బా పెట్టెలో సర్దేశాను. గూడు ఖాళీగా ఉంటే నువ్వు అరుస్తావని నీ డబ్బా తీసి గూటిలో పెట్టాను. సంతకం చేశాను. లేచేటప్పుడు చూస్తే గరాటులో మందు ఉంది. నువ్వు పైనుంచి గుడ్లు చల్లారిపోతున్నాయన్నావు. గూటిలో ఉన్న డబ్బా మూత తీసి పోసేశాను. చెయ్యి దానంతట అది పోసింది, అక్కా. అరవై ఏళ్ళ అలవాటు. బుర్రతో పని లేకుండా పోయింది.

తిరుగు దారిలో హార్డిన్‌లో పెట్రోలు కోసం ఆగాను. చిల్లర కోసం చొక్కా జేబులో చెయ్యి పెడితే అట్టముక్క తగిలింది. గరాటులో ఏ మందు ఉందో రాసి గరాటుకి గుచ్చుతాం కదా, ఆ అట్టముక్క. పిస్తోలు మందు పేరు, నా రాత. అప్పుడు తెలిసింది. బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి తిరగాలనుకున్నాను. నీ ముఖం కళ్ళ ముందు కనిపించింది. "నాన్న నేర్పింది ఇదేనా?" అంటావు. డెబ్భై ఒక్కేళ్ళ వాణ్ణి, ఆ ఒక్క మాటకి భయపడ్డాను. ఇంటికి వెళ్ళి ఉత్తరం రాద్దామనుకున్నాను. రాశాను కూడా. కవరు మీద స్టాంపు అంటించాను. ఆ వారం గడిచింది. నువ్వు అన్నీ చూసే మనిషివి, వాడేముందు చూస్తావులే, నా పరువు దక్కుతుంది అనుకున్నాను.

నీ రెండో ప్రశ్న.

మొదటి మోత నాకు బాగా వినపడింది. తాతగారి తుపాకి దమ్మని మెత్తగా మోగుతుంది. అది ఫెళ్ళుమంది. ఆ ఒక్క చప్పుడుతో నాకు అంతా తెలిసిపోయింది. నోరు తెరిచాను. సిగ్నె గాడిద తన్నిందని నవ్వుతోంది. నువ్వు భుజం ఆనించమన్నావు. చుట్టూ నలభై మంది ఉన్నారు. ఆపమని అరిస్తే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పాలా అని చూస్తున్నాను. సిగ్నె తొడుగు మార్చుకుంది. నేను ఇంకా కూర్చునే ఉన్నాను.

ఆస్పత్రి వసారాలో జోలీన్ అడిగింది, ఎలా జరిగింది మామయ్యా అని. రెండుసార్లు పోసి ఉంటుందన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. తరువాత సిగ్నె అడిగితే మళ్ళీ అదే చెప్పాను. నాన్న బల్ల మీద కుప్ప పడ్డది నాకు గుర్తే. తుడిచిన బ్రష్షు కూడా గుర్తే.

నన్ను ఏమైనా అను. ఒక్కటి మాత్రం అడుగుతాను, సిగ్నెకి చెప్పకు. నన్ను తాతయ్యా అని పిలిచేది ప్రపంచంలో అదొక్కతే. చలికాలం కూడా ఇక్కడే ఉంటానంటోంది. నీకు కూతురుంది, ఊరుంది, బడిలో చదువు చెప్పించుకున్న వందల మంది ఉన్నారు. నాకు ఈ పైగదిలో వెలిగే దీపం ఒక్కటే. నీ మీద దానికి కోపం ఎలాగూ ఉంది, అది మెల్లగా పోతుంది. నా మీద వస్తే పోదు.

మనం అక్కాతమ్ముళ్ళం. కాల్చెయ్ ఈ ఉత్తరం.

నీ
వెండెల్


రౌండప్, మోంటానా
సెప్టెంబరు 17, 1997

శ్రీ వెండెల్ హేగెన్ గారికి,

బుధవారం. మీ ఉత్తరం శుక్రవారం అందింది. అయిదు రోజులు ఆగి రాస్తున్నాను. ఉత్తరం కాల్చలేదు. మే 14 పేజీలో మడిచి పెట్టాను.

గరాటులో మందు వేరే డబ్బాలో పోయడం తప్పే. నేనూ చేయగలిగిన తప్పే. హార్డిన్ నుంచి వెనక్కి వచ్చి ఉంటే తిట్టేదాన్ని, ఆ డబ్బా రూబార్బ్‌లో పోసేదాన్ని, గుడ్లు మళ్ళీ వేయించి పెట్టేదాన్ని. అంతటితో అయిపోయేది. ఎదుటివాళ్ళకి నా నోటి భయం ఉంటుందని నాకు తెలుసు. ఆ భయం పెంచింది నేనే. అది నా లెక్కలో రాసుకున్నాను.

అయితే రెండు మోతల మధ్య దాదాపు రెండు నిమిషాలు ఉంది. ఇంట్లో తుపాకి లేకుండానే, ఖాళీ తొడుగుతో, చేతి గడియారం పెట్టుకుని చేసి చూశాను. పాత తొడుగు తీయాలి, తుడవాలి, కొత్తది పెట్టాలి, భుజానికి ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి. ఆ మైదానంలో అంతమంది ఉండగా ఆ చప్పుడులోని తేడా తెలిసిన మనిషి మీరొక్కరే. నాకు వినపడదని కూడా మీకు తెలుసు. నా చెవులు పోయాక నా బదులు మీరు వింటారనుకుని ఇన్నేళ్ళూ మీకు దగ్గరగానే కూర్చున్నాను.

ఆ పిల్లకి కన్ను పోయింది. దానితో పాటు అమ్మమ్మ పోయింది. మొదటిదానికి మందు కారణం. రెండోది మీరు మాటతో చేశారు, చేసి దాన్ని మీ పైగదిలో పెట్టుకున్నారు. చెప్పవద్దని ఇప్పుడు నన్నే అడుగుతున్నారు.

సిగ్నె ఎవరిని క్షమించాలో, ఎవరి ఇంట్లో ఉండాలో నేను చెప్పను. ఏం జరిగిందో తెలుసుకుని అది తేల్చుకోవాలి. ఇక జరగవలసినవి ఇవి.

1. ఈ ఉత్తరం అందిన రోజునే, లువెర్న్ గారు కూడా ఉండగా, భోజనాల బల్ల దగ్గర సిగ్నెకి నా ఆగస్టు 24 ఉత్తరం చదివి వినిపించండి. నా తప్పులున్న చోట దాటవేయకుండా చదవండి.

2. ఆ తరువాత హార్డిన్ సంగతీ, మొదటి మోత సంగతీ మీ నోటితో చెప్పండి. అట్టముక్క ఇంకా ఉంటే దాని చేతిలో పెట్టండి.

3. "భుజం సరిగ్గా ఆనించు" అన్నది నేను. ఆ మాట గురించి సిగ్నెతో నేను మాట్లాడతాను. దాన్ని మీరు మీ వాటాలో కలుపుకోవద్దు.

4. జోలీన్‌కీ, సంఘానికీ మీరు విడివిడిగా రాయండి. భద్రత పని నాకు తిరిగి ఇవ్వమని అడగవద్దు. ఆ పని చేసేవాళ్ళకి చెవులు వినపడాలి, కళ్ళు కనపడాలి. నేను మానుకుంటున్నాను. కారణం మాత్రం సరిగ్గా ఉండాలి.

5. సిగ్నె చలికాలం మీ దగ్గరే ఉంటానంటే ఉండనివ్వండి. ఇక్కడికి వస్తానంటే అదే రోజు తీసుకురండి, గేటు దాకా. లోపలికి మీరు రావద్దు.

6. రిబ్బను డబ్బా మూత నేను తీయలేదు. గేటు పక్కన పెట్టెలో ఉంటుంది, తీసుకువెళ్ళండి. ఇక మీదట ఆ బల్ల మీద ఏ మందు వాడాలో, అసలు వాడాలో వద్దో, సిగ్నె తేలుస్తుంది. తక్కెడ దానికి ఇస్తున్నాను.

7. పాత డబ్బా గూటిలోనే ఉంది. మూత మీద మైనం వేశాను. దాన్ని ఎవరూ రూబార్బ్‌లో పోయరు.

8. మే 14 పేజీలో మీ సంతకం కింద ఒక వరుస ఖాళీ ఉంది. గేటు దగ్గరికి పుస్తకమూ పెన్నూ తెస్తాను. ఎంత మందు, ఏ డబ్బాది, ఏ డబ్బాలోకి పోశారో మీ చేత్తో రాసి తేదీ వేయండి. మే 14 అని కాదు, రాసిన రోజు తేదీ వేయండి.